ఎల్లారెడ్డి రిజర్వుడు స్థానము – ఇద్దరు స్త్రీల సేవాచరిత్ర

ప్రతి ఆదివారము ఆరాధన క్రమములో దేశమును ఏలు అధికారుల కొరకును, శాసనములు చేయు సభల కొరకును మనము ప్రార్థన చేస్తున్నాము. ఆ ప్రార్థన మనకు కంఠస్థమైపోయినది గనుక నోరు పలుకుచుండగా మనస్సు ఇంటి దగ్గర పొయ్యిమీది కూర దగ్గరకు పోవుట నాకు తెలియని సంగతి కాదు. కాపరినైన నాకును అప్పుడప్పుడు అట్లే జరుగును. అయితే ఒకనాడు ఆరాధన అయిన తరువాత యౌవనస్థుడొకడు నన్ను అడిగాడు: "అయ్యగారూ, మన ప్రాంతమునుండి అసెంబ్లీకి పోయినవారిలో మన వాడలనుండి వచ్చినవారెవరైనా ఉన్నారా?" ఉన్నారని చెప్పి రెండు పేర్లు చెప్పాను. అతడు ఆ రెండు పేర్లను ఎన్నడును వినలేదు. ఈ శతాబ్ది సంచికకు వ్యాసము వ్రాయుమని పెద్దలు అడిగినప్పుడు ఆ యౌవనస్థుని ముఖమే జ్ఞాపకమునకు వచ్చినది.

కామారెడ్డి పేరు ఈ మధ్య దేశమంతట వినబడినది. 2016 అక్టోబరులో అది జిల్లా కేంద్రమైనది. 2023 ఎన్నికలలో అప్పటి ముఖ్యమంత్రియు, తరువాత ముఖ్యమంత్రి అయినవారును ఒకే చోట పోటీచేసి ఇద్దరును అక్కడ ఓడిపోయినందున పత్రికలన్నియు ఈ ఊరి పేరు వ్రాసినవి. అయితే నేను చెప్పబోవు సంగతి అంతకంటె చాల పాతది. 1957 మొదలు 1978 వరకు, ఇరువదియొక్క సంవత్సరములు ఎడతెగకుండ, మొదట కామారెడ్డినుండియు తరువాత ఎల్లారెడ్డినుండియు శాసనసభలో కూర్చున్నవారు దళిత స్త్రీలు. మొదటివారు టి.ఎన్. సదాలక్ష్మి గారు. రెండవవారు జె. ఈశ్వరీబాయి గారు. అడవి అంచున, చెరువుల క్రింద బ్రతుకు ఈ తాలూకాలనుండి ఇట్లు జరుగుట సామాన్యమైన విషయము కాదు.

ఆ ఇద్దరు జన్మించిన కాలమును మొదట తలచుకొందము. ఈశ్వరీబాయి గారు 1918లోను, సదాలక్ష్మి గారు 1928లోను జన్మించారు. అప్పుడు మన ప్రాంతము నిజాము రాజ్యములో ఉండినది. 1893లోనే హైదరాబాదులో శాసన సభ అని ఒకటి ఏర్పడినది గాని అందులో ఉన్నవారు అత్యధికముగా ఉద్యోగులును, ప్రభుత్వము నియమించినవారును. 1939లో సంస్కరణలు ప్రకటించి 1946లో ఒక సభను కూర్చినప్పుడు కూడ జాగీర్దార్లు, వర్తకులు, వకీళ్లు అని వృత్తి వర్గముల ప్రకారము స్థానములు పంచారు. పరుల పొలములో జీతముండువానికి ఆ లెక్కలో చోటు ఎక్కడిది? అదే కాలమున పొరుగున ఉన్న మద్రాసు శాసన మండలిలో 1927లో డాక్టరు ముత్తులక్ష్మి రెడ్డి గారు ఉపాధ్యక్షురాలిగా కూర్చున్నారు. మద్రాసులో ఒక స్త్రీ సభను నడుపుచుండగా ఎల్లారెడ్డి తాలూకాలో మన తాతలు వెట్టికి పిలుపు వచ్చినప్పుడెల్ల చేతిలోని పని విడిచి పోవుచుండిరి. ఓటు అను మాటయే వారెరుగరు.

ఆ కాలములోనే నిజాము ప్రభుత్వము పోచారము వద్దను, తరువాత 1923 మొదలు 1931 వరకు మంజీరా నదిపై నిజాంసాగరు వద్దను ఆనకట్టలు కట్టించినది. నిజాంసాగరు మన ఎల్లారెడ్డికి అతి సమీపముననే ఉన్నది గాని దాని కాలువ నీరు ముఖ్యముగా బాన్సువాడ, బోధను వైపునకు పోయినది. ఆనకట్ట మనది, పంట వారిది అని మన పెద్దలు నవ్వుచు చెప్పుట వినియున్నాను. ఇది ఇక్కడ ఎందుకు చెప్పుచున్నాననగా, మన ప్రాంతమునుండి సభకు పోయిన ఎవరైనను మొదట ఎదుర్కొనవలసిన అక్కరలు ఇవే: నీరు, భూమి, కూలి, బడి.

ఇక సికింద్రాబాదు సంగతి. మన ఇద్దరు శాసనసభ్యురాళ్లును సికింద్రాబాదు వైపువారే. ఇందుకు కారణము లేకపోలేదు. అక్కడ ఇంగ్లీషు దండు ఉండినది, రైలు కార్ఖానాలు ఉండినవి, మిషను బడులు ఉండినవి. పల్లెలో దొర మాట కాదంటే బ్రతుకు లేదు. దండులోను రైలులోను నెల జీతము చేతికి వచ్చును. జీతము వచ్చినచోట పిల్లను బడికి పంపవచ్చును. పైగా అక్కడ భాగ్యరెడ్డి వర్మ గారు 1906లో జగన్మిత్ర మండలిని, 1911లో మాన్య సంఘమును స్థాపించి, మేము పంచములము కాము, ఈ దేశపు ఆది జనులము అని చెప్పుచుండిరి. వాడలలో ఆడపిల్లలకు బడులు పెట్టిరి. ఆ గాలి పీల్చిన ఇండ్లలో పెరిగినవారు ఈ ఇద్దరును.

ఈశ్వరీబాయి గారి తండ్రి నిజాము రైల్వేలో ఉద్యోగి. ఆమె చదువు ఎస్.పి.జి. మిషను బడిలోను, కీస్ బాలికల ఉన్నత పాఠశాలలోను జరిగినది. ఎస్.పి.జి. అనగా సువార్త వ్యాప్తి కొరకు ఇంగ్లాండులో ఏర్పడిన పాత సంఘము. ఆ బడి నడిపినవారికి తమ బల్లమీద కూర్చున్న చిన్నపిల్ల ఒకనాడు ఎల్లారెడ్డి ప్రజల పక్షమున శాసనసభలో గొంతెత్తునని తెలియదు. మన మిషను బడుల చరిత్ర వ్రాయునప్పుడు బాప్తిస్మము పొందినవారి సంఖ్యను జాగ్రత్తగా వ్రాసికొనుచున్నాము. బాప్తిస్మము లేకుండ చదువు మాత్రము తీసికొని పోయి లోకములో గొప్ప పని చేసినవారి లెక్క వ్రాయము. అదియు ఆ బడుల ఫలమే అని నేననుకొందును.

సదాలక్ష్మి గారు పారిశుధ్య పనివారి కుటుంబములో పుట్టారు. వీధులు ఊడ్చి, మరుగుదొడ్లు కడుగు కులమని ఊరివారు దూరముగా ఉంచిన ఇల్లు. ఆమె చదువుకొని, ఆర్యసమాజములో పనిచేసిన విద్యావేత్త టి.వి. నారాయణ గారిని వివాహమాడి, కాంగ్రెసులో చేరారు.

1957లో కామారెడ్డి ద్విసభ్య నియోజకవర్గము. ఈ మాట ఇప్పటి యౌవనస్థులకు అర్థము కాదు గనుక కొంచెము వివరముగా చెప్పవలెను. కొన్ని పెద్ద నియోజకవర్గములనుండి ఇద్దరిని ఎన్నుకొనేవారు. అందులో ఒక స్థానము షెడ్యూల్డు కులమునకో తెగకో ప్రత్యేకింపబడినది, రెండవది అందరిది. ఓటరుకు రెండు ఓట్లు. అప్పుడు కాగితముమీద ముద్ర వేయు పద్ధతి లేదు. ఒక్కొక్క అభ్యర్థికి ఒక్కొక్క పెట్టె ఉంచి దానిపై గుర్తు అంటించేవారు. ఓటరు లోపలికి పోయి తనకు ఇష్టమైన పెట్టెలో చీటీ వేసి వచ్చును. చదువురాని ప్రజలు కూడ చక్కగా ఓటు వేసి వచ్చిరి. ఈ ద్విసభ్య పద్ధతిలో ఒక చిత్రమైన సంగతి జరిగినది. అదే 1957లో పార్వతీపురము లోక్‌సభ స్థానములో ఎక్కువ ఓట్లు వచ్చిన ఇద్దరును గిరిజనులే అయినందున, రెండవ స్థానము తనదనుకొన్న వి.వి. గిరి గారు ఓడిపోయారు. అంతటి నాయకుడు సుప్రీంకోర్టు వరకు పోయినను లాభము లేకపోయినది. 1961లో చట్టము చేసి ఈ ద్విసభ్య నియోజకవర్గములను తీసివేశారు. అప్పటినుండి రిజర్వుడు స్థానము వేరు, సామాన్య స్థానము వేరు అయినవి. మన ప్రాంతములో ఎల్లారెడ్డి రిజర్వుడు స్థానమైనది. అందుకే 1957లో కామారెడ్డినుండి గెలిచిన సదాలక్ష్మి గారు 1962లో ఎల్లారెడ్డినుండి నిలిచి గెలిచారు.

రిజర్వుడు స్థానమనగా దళితులే ఓటు వేయుదురని అనుకొనువారు ఇప్పటికిని ఉన్నారు. అది పొరపాటు. నిలుచువారు మాత్రమే షెడ్యూల్డు కులమువారు. ఓటు వేయువారు ఊరందరు. 1932లో యెరవాడ జైలులో గాంధీగారి ఉపవాసము నడుమ డాక్టరు అంబేడ్కరు గారు సంతకము చేసిన పూనా ఒప్పందమునుండి ఈ పద్ధతి వచ్చినది. మా ప్రతినిధిని మేమే ఎన్నుకొందుమని అంబేడ్కరు గారు అడిగారు. స్థానముల సంఖ్య పెరిగినది గాని ఆ కోరిక నెరవేరలేదు. దీనివలన దళిత అభ్యర్థి తన వాడ మెప్పు పొందినను చాలదు, ఊరి పటేలు, దొర, పార్టీ నాయకుడు కూడ మెచ్చవలెను. మరీ గట్టిగా మాట్లాడితే మరుసటి ఎన్నికలో టిక్కెట్టు రాదు. మెత్తగా ఉంటే వాడ నవ్వును. ఈ ఇరుకు దారిలోనే ఆ ఇద్దరు స్త్రీలు నడిచారు. ఇద్దరు నడిచిన తీరు వేరు.

సదాలక్ష్మి గారు అధికార పక్షములో ఉండి పనిచేయు మార్గమును ఎన్నుకొన్నారు. 1960లో దామోదరం సంజీవయ్య గారు ముఖ్యమంత్రి అయినారు. భారతదేశములో ఒక రాష్ట్రమునకు ముఖ్యమంత్రి అయిన మొదటి దళితుడాయనే. ఆ సంవత్సరమే సదాలక్ష్మి గారు ఆంధ్రప్రదేశ్ శాసనసభకు ఉపసభాపతి అయినారు. ఆ పదవిలో కూర్చున్న మొదటి స్త్రీ ఆమెయే. సభాపతి లేనప్పుడు ఆమె పీఠముపై కూర్చుండగా, జమీందారులు, దేశ్‌ముఖులు, పెద్ద వకీళ్లు లేచి నిలిచి, "అధ్యక్షా" అని ఆమెను సంబోధించి, ఆమె అనుమతి అడిగి మాట్లాడవలసియుండెను. ఆమె తల్లిదండ్రులు పనిచేసిన వీధులను తలచుకొన్నప్పుడు ఆ దృశ్యము నా కన్నులయెదుట నిలుచును.

1962 ఎన్నికల తరువాత నీలం సంజీవరెడ్డి గారి మంత్రివర్గములో ఆమె దేవాదాయ ధర్మాదాయ శాఖ మంత్రి అయినారు. ఇక్కడ చదువరి కొంచెము ఆగవలెను. ఏ కులపువారిని గుడి మెట్లు ఎక్కనీయలేదో ఆ కులపు స్త్రీకి రాష్ట్రములోని దేవాలయముల పరిపాలన అప్పగింపబడినది. పూర్ణకుంభములతో ఎదురువచ్చి ఆమెకు స్వాగతము పలుకుట అధికారుల విధి అయినది. 1964లో సంజీవరెడ్డి గారు రాజీనామా చేయుటతో ఆ మంత్రివర్గము ముగిసినది. రెండేండ్ల పదవిలో ఎన్ని గుడుల తలుపులు తెరువబడెనో లెక్క చెప్పుట కష్టము. పల్లెలో ఆనాడు తెరువబడని తలుపులు కొన్ని నేటికిని తెరువబడలేదు. అయినను, అంతవరకు ఎవరును ఊహింపని కుర్చీలో ఆమె కూర్చుండుట వలన వాడలలోని తల్లులు తమ ఆడపిల్లలవైపు చూచిన చూపు మారినదని పెద్దలు చెప్పగా విన్నాను.

ఇప్పుడు మన సంఘములకు నేరుగా సంబంధించిన విషయమునకు వచ్చుచున్నాను. దీనిని వ్రాయుటకు నేను కొంత సంకోచించాను. అయినను వ్రాయకపోతే ఈ చరిత్రలో సగము విడిచినట్లే.

మన ఎల్లారెడ్డి, లింగంపేట, నాగిరెడ్డిపేట, గాంధారి పల్లెలలో దళిత వాడలు ఉండగా, అసెంబ్లీకి నిలుచుటకు సికింద్రాబాదునుండి ఎందుకు రావలసివచ్చినది? ఇక్కడ చదువుకొన్నవారు లేరా? ఉన్నారు, కొద్దిమంది. అయితే ఆ రోజులలో పల్లెలోని దళితునికి చదువు వచ్చినదనిన చాలవరకు మిషను బడినుండి, మిషను బోర్డింగునుండి వచ్చినదే. ఉపదేశి కొడుకు, బోధకుని కూతురు, నర్సు, బడిపంతులు, వీరే చదువరులు. వీరిలో హెచ్చుమంది క్రైస్తవులు. 1950 ఆగష్టులో రాష్ట్రపతి ఇచ్చిన షెడ్యూల్డు కులముల ఉత్తర్వులో మూడవ పేరా ప్రకారము హిందువు కానివాడు షెడ్యూల్డు కులస్థుడుగా ఎంచబడడు. 1956లో సిక్కులకును, 1990లో బౌద్ధులకును ఆ అడ్డు తొలగించారు. క్రైస్తవులకు తొలగింపలేదు. అందువలన మనవారు ఎల్లారెడ్డి స్థానమునకు ఓటు వేయవచ్చును గాని నిలువరాదు. చదువు ఉన్నవానికి అర్హత లేదు, అర్హత ఉన్నవానికి చదువుకొను వసతి లేదు. రిజర్వుడు స్థానము బయటివారికి పోవుటకు ఇది ఒక్కటే కారణమని నేననను. పార్టీల పెద్దలు తమకు తెలిసినవారికే టిక్కెట్టు ఇచ్చుటయు కారణమే. అయినను ఇది చిన్న కారణము కాదని నా అభిప్రాయము.

మా తాతగారు ఉపదేశి. ఆయన గుడిసె గోడ, పొరుగున ఉన్న తన అన్న గుడిసె గోడ ఒక్కటే. ఇద్దరును ఒకే దొర పొలములో పనిచేసినవారు, ఒకే బావిదగ్గర గెంటివేయబడినవారు. ఒకరు షెడ్యూల్డు కులము, ఒకరు కాదు. బావిదగ్గర నిలిచిన ఆసామి మాత్రము నీవు ఏ మతమువాడవని అడిగి గెంటలేదు. 1970లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము షెడ్యూల్డు కులములనుండి క్రైస్తవులైనవారిని వెనుకబడిన తరగతులలో "సి" అను వర్గముగా చేర్చి, చదువులోను ఉద్యోగములోను వందకు ఒకటి ఇచ్చినది. అది శాసనసభ స్థానములకు వర్తింపదు. 2009లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ దళిత క్రైస్తవులకు షెడ్యూల్డు కుల హోదా ఇవ్వవలెనని తీర్మానము చేసి ఢిల్లీకి పంపినది. 2022లో కేంద్ర ప్రభుత్వము ఈ విషయము పరిశీలించుటకు జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ గారి అధ్యక్షతన కమిషను వేసినది.

ఈ ఇబ్బందివలన మన ఇండ్లలో బడిలో ఒక పేరు, బాప్తిస్మములో ఒక పేరు అను అలవాటు వచ్చినది. దీనిని గూర్చి పుల్పిటునుండి గద్దించినవారిని నేను చూచాను. బిడ్డ చదువు కొరకు తల్లి చేసిన పనిని నేను గద్దింపలేకపోయాను. ఇంతటితో ఈ మాట విడిచెదను.

1967 ఎన్నిక వచ్చినది. ఎల్లారెడ్డిలో కాంగ్రెసు అభ్యర్థి సదాలక్ష్మి గారే. మంత్రిగా పనిచేసినవారు, పదేండ్లుగా ఈ ప్రాంత ప్రతినిధి. ఆమెకు ఎదురుగా రిపబ్లికన్ పార్టీ తరఫున ఈశ్వరీబాయి గారు నిలిచారు. అంబేడ్కరు గారి షెడ్యూల్డు కులముల ఫెడరేషను 1957లో రిపబ్లికన్ పార్టీగా మారినది. మన రాష్ట్రములో ఆ పార్టీకి డబ్బు లేదు, దొరల అండ లేదు, కారులు లేవు. వారికున్నది ఏనుగు గుర్తు, అంబేడ్కరు గారి పేరు, ఈశ్వరీబాయి గారి గొంతు. కాంగ్రెసు గుర్తు అప్పుడు జోడెడ్లు.

ఇద్దరును దళిత స్త్రీలు, ఇద్దరును సికింద్రాబాదువారు. ఒకరు మాదిగల వైపువారు, ఒకరు మాలలు. ఆ లెక్క ప్రకారమే వాడలు చీలి ఓటు వేసినవని చెప్పువారు కలరు. కొంతవరకు నిజమే కావచ్చును. అయితే రిజర్వుడు స్థానములో ఊరందరు ఓటువేయుదురని పైన చెప్పాను గదా; ఒక కులపు ఓట్లతో ఎవరును గెలువలేరు. పైగా 1967లో కాంగ్రెసుపై దేశమంతట అసంతృప్తి ఉండినది. అనేక రాష్ట్రములలో ఆ పార్టీ ఓడిపోయినది. మన రాష్ట్రములో అధికారము నిలుపుకొన్నను ఎల్లారెడ్డిలో ఓడినది. ఈశ్వరీబాయి గారు గెలిచారు.

నేను ఈ ప్రాంతములో సేవ ఆరంభించిన దినములలో మన సంఘస్థురాలైన ఒక వృద్ధురాలు ఆ ఎన్నికను గూర్చి నాకు చెప్పినది. ఆమె ఇప్పుడు ప్రభువునందు నిద్రించినది. "దొర జోడెడ్లకే గుద్దుమన్నడు అయ్యగారూ. మా ఆయన దొర తాన జీతముండె, ఆయన జోడెడ్లకే గుద్దిండు. నేను లోపటికి వోయి ఏనుగు మీద గుద్దిన. ఇంటికొచ్చినంక గూడ చెప్పలే. ఏండ్లకు చెప్పిన" అని నవ్వినది. సదాలక్ష్మి గారిమీద కోపమా అని అడిగాను. "ఆమె మీద నాకేం కోపం? ఆమె గూడ మన ఆడిమనిషే. దొర చెప్పిండు గదా, అందుకే గుద్దలే" అన్నది. ఆ ఎన్నికను గూర్చి నేను చదివిన మాటలన్నిటికంటె ఈ మాట నాకు ఎక్కువ బోధపరచినది.

ఈశ్వరీబాయి గారి జీవితము సుఖముగా నడిచినది కాదు. చిన్నతనములోనే వివాహము, భర్త పూనాలో దంతవైద్యుడు. తరువాత బిడ్డను తీసికొని సికింద్రాబాదులో పుట్టినింటికి వచ్చి, బడిలో ఉపాధ్యాయినిగా పనిచేసి, ఇంటివద్ద స్త్రీలకు పనులు నేర్పుచు తన కాళ్లమీద తాను నిలిచారు. 1950ల ఆరంభములో సికింద్రాబాదు పురపాలక సంఘములో చిలకలగూడనుండి కౌన్సిలరు అయినారు. కుళాయి, దీపము, మురికి కాలువ, ఇవే ఆమె మొదటి రాజకీయ పాఠములు. తెలుగుతోపాటు ఉర్దూ, మరాఠీ, ఇంగ్లీషు భాషలలో మాట్లాడగలిగియుండిరి.

287 స్థానములున్న శాసనసభలో ఆమె పార్టీవారు వేళ్లమీద లెక్కింపదగినంత మంది కూడ లేరు. అట్టి సభ్యునికి మాట్లాడుటకు దొరకు సమయమే స్వల్పము. 1968 ఫిబ్రవరిలో కృష్ణాజిల్లా కంచికచెర్లలో కోటేశు అను దళిత బాలుని దొంగతనము చేశాడను నిందతో కట్టివేసి సజీవ దహనము చేశారు. అది ఎల్లారెడ్డికి ఎంతో దూరము. ఆమెకు ఓటువేసినవారెవరును అక్కడ లేరు. అయినను సభలో ఆ సంగతిని విడువక ఎత్తి ప్రభుత్వమును నిలదీసినవారు ఈశ్వరీబాయి గారు. అదే సంవత్సరము క్రిస్మస్ రాత్రి తమిళనాడులోని కీళ్వెణ్మణిలో 44 మంది కూలి జనమును, ఎక్కువమంది స్త్రీలు పిల్లలే, ఒక గుడిసెలో పెట్టి కాల్చివేశారు. ఆ కాలమందు సభలలో ఇట్టి మాట ఎత్తుటకు ఎంత ధైర్యము కావలెనో మనము ఊహింపవలెను. మంత్రి పదవి లేదు, వచ్చు ఆశయు లేదు. అందువలననే ఆమె అంత స్వేచ్ఛగా మాట్లాడగలిగినదని నాకు తోచుచున్నది. పదవిలో ఉన్నవారు తలుపు తెరువగలరు. పదవి లేనివారు తలుపు మూయబడియున్నదని కేకవేయగలరు. మన ప్రాంతము ఒకరి తరువాత ఒకరుగా రెండు విధములవారిని పంపినది. ఎవరు ఎక్కువ మేలు చేశారని యౌవనస్థుల కూడికలో అడిగితే నేను తీర్పు చెప్పను.

1969లో ప్రత్యేక తెలంగాణ ఉద్యమము లేచినది. 1956 నాటి పెద్దమనుషుల ఒప్పందము నెరవేరలేదనియు, ముల్కీ నిబంధనలు తప్పి ఉద్యోగములు ఇతరులకు పోయినవనియు విద్యార్థులు బడులు కళాశాలలు విడిచి వీధిలోకి వచ్చారు. ఆశ్చర్యమేమనగా, రెండేండ్ల క్రితము ఎల్లారెడ్డిలో ఒకరిమీద ఒకరు పోటీచేసిన ఈ ఇద్దరు స్త్రీలును ఈ ఉద్యమములో ఒకే పక్షమున నిలిచారు. కాంగ్రెసువారైన సదాలక్ష్మి గారు తమ పార్టీ ప్రభుత్వమునకు ఎదురు తిరిగి తెలంగాణ ప్రజా సమితి ముందు వరుసలో నడిచారు. ఇద్దరును అరెస్టయినవారే. పోలీసు కాల్పులలో ఎందరో యువకులు చనిపోయారు.

1971 లోక్‌సభ ఎన్నికలలో తెలంగాణలోని 14 స్థానములలో 10 ప్రజా సమితికి వచ్చినవి. కొన్ని నెలలకే, ఆ సంవత్సరము సెప్టెంబరులో, నాయకులు సమితిని కాంగ్రెసులో కలిపివేశారు. గెలిచినవారు అటు పోగా, కలువని కొందరు సంపూర్ణ తెలంగాణ ప్రజా సమితి అని వేరుగా నిలిచారు. 1972 శాసనసభ ఎన్నికలు ఇందిరాగాంధీ గారి పేరు మారుమ్రోగుచున్న దినములు. బంగ్లాదేశ్ యుద్ధము అప్పుడే ముగిసినది. ఎక్కడ చూచినను కాంగ్రెసే. అట్టి ఎన్నికలో ఆ సంపూర్ణ సమితికి రాష్ట్రమంతటిలో వచ్చినది ఒకే ఒక్క స్థానము. ఆ స్థానము ఎల్లారెడ్డి. గెలిచినవారు ఈశ్వరీబాయి గారు. ఊరి పెద్దలు ఎటు చెప్పితే అటు వేయుదురని పేరుపడిన బీద ప్రజలు, గాలి ఒక వైపు వీచుచుండగా మరియొక వైపు ఓటు వేసి పంపారు. ఆమె 1978 వరకు, ఎమర్జెన్సీ దినములలో కూడ, సభ్యురాలుగా ఉన్నారు.

1978లో నియోజకవర్గముల హద్దులు మారినవి. జుక్కల్ రిజర్వుడు స్థానమైనది. ఎల్లారెడ్డి సామాన్య స్థానమైనది. ఈశ్వరీబాయి గారు 1991లో చనిపోయారు. వారి కుమార్తె డాక్టరు జె. గీతారెడ్డి గారు 1989లో మెదక్ జిల్లా గజ్వేలునుండి గెలిచి, తరువాత మంత్రిగా పనిచేశారు.

సదాలక్ష్మి గారు శాసనసభ విడిచిన తరువాత కూడ ఇంట కూర్చుండలేదు. 1994లో ప్రకాశం జిల్లాలో మాదిగ దండోరా ఆరంభమైనప్పుడు, వృద్ధాప్యములో ఆ యువకులకు తల్లివలె నిలిచి, షెడ్యూల్డు కులముల రిజర్వేషనులో ఎవరి వంతు వారికి రావలెనని పోరాడారు. ఈ వర్గీకరణ విషయములో మన సంఘములలోనే రెండు అభిప్రాయములు ఉన్నవని నాకు తెలుసు. ఒకే బల్లనుండి రొట్టె తీసికొని, గుడి బయట వేరు వేరు సభలకు పోవుచున్నాము. సదాలక్ష్మి గారు 2004 జూలైలో కన్నుమూశారు. ఆ నవంబరులోనే సుప్రీంకోర్టు ఆంధ్రప్రదేశ్ వర్గీకరణ చట్టమును కొట్టివేసినది. 2024 ఆగష్టు 1న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనము వర్గీకరణ చెల్లునని తీర్పు ఇచ్చినది. 2025 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వము దానిని అమలులోనికి తెచ్చినది. ఆమె జీవితకథను గోగు శ్యామల గారు "నేనే బలాన్ని" అను పేరుతో పుస్తకముగా వ్రాశారు. చదువగోరువారు దానిని తెప్పించుకొని చదువవచ్చును.

నన్ను ప్రశ్న అడిగిన యౌవనస్థునికి ఇదంతయు ఒకేసారి చెప్పలేదు. రెండు మూడు ఆదివారములు పట్టినది. చివరకు అతడు మరియొక ప్రశ్న అడిగాడు: ఈశ్వరీబాయమ్మ తరువాత ఎల్లారెడ్డినుండి మరియొక స్త్రీ ఎవరైనా గెలిచారా అని. 1978 మొదలు 2023 వరకు జరిగిన ఎన్నికలలో గెలిచినవారి పేర్లు ఒక కాగితముమీద వ్రాసి అతనికి ఇచ్చాను. అందులో స్త్రీ పేరు ఒక్కటియు లేదు.